పాత సెంచూరియన్ ట్యాంకు కిట్టు, దాని కమాండర్ బొమ్మ: విశాఖ గాలిలో కట్టి రంగులేసే పద్ధతి

మా మావయ్య మర్చంట్ నేవీలో పనిచేసేవాడు. 1980ల్లో ఒకసారి సింగపూర్ నుంచి వస్తూ నాకోసం తెచ్చిన పెట్టె కంచరపాలెంలో మా అటక మీద ముప్ఫై ఏళ్లకు పైగా ఉండిపోయింది. టమియా కంపెనీ వాళ్ల 1/35 సెంచూరియన్ ట్యాంకు, అంటే అసలు ట్యాంకులో ముప్ఫై అయిదో వంతు పొడవు వచ్చేలా కట్టుకునే ప్లాస్టిక్ బొమ్మ. ఇల్లు సర్దుతుంటే మొన్నీమధ్య బయటపడింది. పెట్టె ఒక మూల చెదలు తినేశాయి, డెకాల్ కాగితం (నీళ్లలో తడిపి ట్యాంకు మీద అతికించే గుర్తులుండేది) పసుపెక్కింది, చక్రాల చుట్టూ తిరిగే రబ్బరులాంటి ట్రాకులు బిరుసెక్కాయి, ప్లాస్టిక్ ముక్కలు మాత్రం చెక్కుచెదరలేదు. అడుగున చిన్న కవర్లో కమాండర్ బొమ్మ ఉంది, ఒక చెయ్యి విరిగిపోయి. దాన్ని పూర్తి చెయ్యడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో నేర్చుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను, ఎందుకంటే ఇంగ్లీషులో దొరికే పాఠాలు ఎక్కువగా చలిదేశాల వాళ్లు చెప్పినవి, మన సముద్రపు తేమకీ మన ఒంటి రంగుకీ అవి సరిపోవు.

అన్నిటికంటే ముందు ఒకటి చెప్పాలి. చాలామంది ట్యాంకు మొత్తం కట్టేసి, రంగులేసి, దుమ్ము కూడా పూసేసి, ఓపిక అయిపోయాక బొమ్మ పట్టుకుంటారు. అలా చెయ్యకండి, మనిషితో మొదలుపెట్టండి. అయిదున్నర అడుగుల పైచిలుకు మనిషి, అంటే 175 సెంటీమీటర్ల వాడు, 1/35లో సరిగ్గా 5 సెంటీమీటర్లు ఉంటాడు. సెంచూరియన్ ఒళ్లు ఫిరంగి గొట్టం కలపకుండా దాదాపు 22 సెంటీమీటర్లు వస్తుంది. ఆ 5 సెంటీమీటర్ల మనిషి పైన నిలబడితేనే ఇది 50 టన్నుల ఇనుము అని చూసేవాళ్లకి అర్థమవుతుంది, లేకపోతే బల్ల మీద ఆకుపచ్చ పెట్టె ఉన్నట్టు ఉంటుంది. ఇంటికొచ్చిన వాళ్లని గమనించండి, ఎవరైనా ముందు వంగి మొహం చూస్తారు, చక్రాలు తర్వాత.

ఏ ట్యాంకు కడుతున్నారో ముందే అనుకోండి

సెంచూరియన్ బ్రిటిష్ వాళ్లది, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో తయారైంది. ఇంజిన్ రోల్స్‌రాయిస్ మీటియర్, స్పిట్‌ఫైర్ విమానంలో ఉండే మెర్లిన్ ఇంజిన్ నుంచి పుట్టినది. లోపల నలుగురు ఉంటారు: కమాండర్, గన్నర్, లోడర్, డ్రైవర్. మన సైన్యంలో దీని పేరు చెప్పగానే గుర్తొచ్చేది పూనా హార్స్. 1965లో ఫిల్లోరా వైపు ఆ రెజిమెంటును నడిపించి ప్రాణాలిచ్చిన లెఫ్టినెంట్ కల్నల్ తారాపోర్‌కీ, 1971 డిసెంబర్ 16న బసంతర్ దగ్గర 21 ఏళ్ల వయసులో చనిపోయిన సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్‌కీ పరమవీర చక్ర వచ్చింది. ఇద్దరూ సెంచూరియన్ మీద పోరాడినవాళ్లే. 1971 అంటే విశాఖలో మనకి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ గుర్తొస్తుంది, బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం గుర్తొస్తుంది. ఘాజీ మన తీరంలో మునిగిన రెండు వారాలలోపే అక్కడ పంజాబ్ సరిహద్దులో బసంతర్ పోరు జరిగింది. అందుకే నా ట్యాంకు ఆ డిసెంబర్‌లోదే కావాలనుకున్నాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ట్యాంకులో మార్పులు చేసిన కొద్దీ వచ్చే ఒక్కో రకాన్ని మార్క్ అంటారు. ఈ కిట్టు మార్క్ 3, మన సైన్యం వాడినది మార్క్ 7. ఇంజిన్ మీది మూతలు, వెనక భాగం రెండిట్లో ఒకలా ఉండవు. అవన్నీ కోసి మార్చడం వచ్చినవాళ్లు మార్చుకోవచ్చు. నేను మార్చలేదు. పాత కిట్టుకి దానిదైన రూపం ఉంటుంది, మావయ్య తెచ్చిన పెట్టెలోని ట్యాంకు ఆ పెట్టెలో ఉన్నట్టే ఉండాలని నా కోరిక. అయితే ఖేతర్‌పాల్ ట్యాంకు ఫామగుస్తా పేరు మాత్రం దీని మీద రాయలేదు. అసలు ఫామగుస్తా అహ్మద్‌నగర్‌లో భద్రంగా ఉంది, తేడాలు తెలిసి కూడా ఆ పేరు వేరే మార్క్ మీద రాయడం నాకు సరిగా అనిపించలేదు. పేరు లేని, అదే పోరులో ఉన్న ఇంకో ట్యాంకు అనుకుని కట్టాను.

కడగడం, కొయ్యడం

ముక్కలన్నీ అంటుకుని ఉండే ప్లాస్టిక్ చట్రాన్ని స్ప్రూ అంటారు. ముందు స్ప్రూలన్నీ గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు వేసి పాత టూత్ బ్రష్‌తో కడగండి. అచ్చులోంచి ముక్క తేలిగ్గా రావడానికి ఫ్యాక్టరీలో పూసే జిడ్డు ఏళ్లు గడిచినా పోదు, దాని మీద రంగు నిలవదు. ఆరాక ముక్కను చేత్తో విరిచెయ్యకుండా సైడ్ కటర్‌తో కొంచెం దూరంగా కోసి, మిగిలిన మొటిమని కత్తితో చెక్కి, 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 1000 దాకా నున్నగా రుద్దండి.

అతికించడానికి పల్చటి ప్లాస్టిక్ సిమెంట్ వాడండి. రెండు ముక్కలు దగ్గరగా పట్టుకుని అతుకు మీద బ్రష్ ఆనిస్తే సిమెంట్ దానంతటదే లోపలికి పాకుతుంది. ఫెవిక్విక్ లాంటివి ఇనుప తీగకి, రెజిన్‌కి మాత్రమే. ఇంకో సంగతి, కత్తిరించి పారేసే స్ప్రూ ముక్కల్ని పారెయ్యకండి. అడుగంటిన సిమెంట్ సీసాలో వాటిని సన్నగా తరిగి వేసి ఒక రాత్రి వదిలేస్తే కరిగి పాకంలా అవుతుంది. ఈ పాకం ఆ కిట్టు ప్లాస్టిక్కే కాబట్టి సందులు పూడ్చడానికి దీనికంటే మంచి పుట్టీ లేదు, కాకపోతే పూర్తిగా గట్టిపడటానికి రెండు రోజులు పడుతుంది, తొందరపడి రుద్దితే గుంట పడుతుంది.

మనిషిని ముందు నిలబెట్టండి

బొమ్మ ఒళ్లు, కాళ్లు అతికించి, అచ్చు గీత పొడవునా కత్తి అంచుని నిలువుగా పెట్టి గీకండి, కొయ్యకూడదు. చేతులు, తల ఇంకా అతికించవద్దు. ఇప్పుడు టరెట్ (ఫిరంగి బిగించి ఉండే, గుండ్రంగా తిరిగే పైగది) పైభాగం తీసుకుని కుడివైపు కమాండర్ మూత దగ్గర అతన్ని దించి చూడండి. సెంచూరియన్‌లో కమాండర్ కుడివైపు, లోడర్ ఎడమవైపు. మొదటిసారి నేను టరెట్ పైభాగం, కింది భాగం అతికించేసి ఆరిపోయాక బొమ్మ తీసుకొచ్చాను, మోచేతులు పట్టలేదు. మళ్లీ కత్తితో అతుకు విప్పడానికి ఒక సాయంత్రం పోయింది, అంచు కూడా కొంచెం చిరిగింది. అందుకే ముందే చేతులకి చిన్న మైనం ముద్దపెట్టి తాత్కాలికంగా నిలబెట్టి, ఛాతీ దాకా బయటికి కనబడేలా లోపల ఎంత ఎత్తు పీట కావాలో కొలుచుకోండి. నా బొమ్మకి విరిగిన చెయ్యి మూత అంచు మీద ఆనేలా పెట్టాను. మోచెయ్యి దగ్గర పేపర్ క్లిప్ ముక్క గుచ్చి, పైన పాకం పూసి, మడతలు కత్తి మొనతో గీశాను. చెయ్యి ఎక్కడో ఒకచోట ఆని ఉంటే బొమ్మకి బరువు వస్తుంది. గాల్లో తేలినట్టున్న చెయ్యి బొమ్మని బొమ్మలాగే ఉంచుతుంది.

పాత బొమ్మల మొహాలు మెత్తగా ఉంటాయి, ముక్కు, కనుబొమల అంచు అరిగినట్టు ఉంటుంది. మీసం కింద, కంటి పైరెప్ప దగ్గర, బెరే టోపీ అంచు కింద సూదితో ఒక్కో గీత లోతు చెయ్యండి, అంతే. ఇప్పుడు రెజిన్ తలలు విడిగా అమ్ముతారు, చాలా బాగుంటాయి, నేను మాత్రం మావయ్య తెచ్చిన తలే ఉంచాను. ఒక కాలి అడుగున సన్న బెజ్జం వేసి పేపర్ క్లిప్ తీగ గుచ్చి, రెండో కొస మందు సీసా మూతలో దిగ్గొట్టండి. ఇక అయిపోయేదాకా బొమ్మని వేళ్లతో తాకకుండా మూత పట్టుకునే రంగులెయ్యాలి.

ఒళ్లు, చక్రాలు, టరెట్

ట్యాంకు అడుగుభాగం తిప్పి చూస్తే బెజ్జాలు, స్విచ్ గాడి కనబడతాయి. ఇవి మోటారు కోసం. అప్పట్లో ఈ కిట్లు బ్యాటరీతో నేల మీద నడిచేవి. అసలు 1/35 అనే కొలతే అలా పుట్టింది, 1960ల మొదట్లో టమియా తెచ్చిన పాంథర్ ట్యాంకులో మోటారు, బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకుని తర్వాత లెక్కేస్తే 1/35 దగ్గర తేలింది. బెజ్జాలు మూయడానికి ప్లాస్టిక్ షీటు కొనక్కర్లేదు. పెరుగు కప్పో ఐస్‌క్రీం కప్పో తిప్పి చూడండి, త్రికోణంలో 6 అంకె ఉంటే అది పాలీస్టైరీన్, మన కిట్టు ప్లాస్టిక్కే. లోపలి వైపు నుంచి ముక్క అతికించి పాకంతో పూడిస్తే సరిపోతుంది. పాత ఏటీఎం కార్డులు వేరే ప్లాస్టిక్, ఈ సిమెంట్‌కి సరిగా అంటుకోవు.

చక్రాలు ఒక్కో వైపు ఆరు జతలు. అన్నీ ఒకే నేల మీద ఆనాలి, కాబట్టి సస్పెన్షన్ చేతులకి సిమెంట్ పెట్టిన వెంటనే ట్యాంకుని అద్దం పలక మీద నిలబెట్టి రాత్రంతా వదిలెయ్యండి. ఒక చక్రం గాల్లో ఉన్నా ఎంత మంచి రంగు వేసినా కన్ను అక్కడే ఆగుతుంది. చక్రాల పైభాగాన్ని కప్పే పక్క రేకులు మాత్రం ఇప్పుడే అతికించవద్దు, ట్రాకు వేశాక.

టరెట్ పోతపోసిన ఉక్కు, దాని చర్మం గరుకుగా ఉండాలి. కిట్టులో అది అద్దంలా నున్నగా వచ్చింది. చిన్న భాగం మీద సిమెంట్ కొంచెం ఎక్కువే పూసి, ప్లాస్టిక్ మెత్తబడగానే అరిగిపోయిన గట్టి బ్రష్‌తో నిలువుగా పొడవండి. ఆరాక 1000 నంబరు కాగితంతో ఒకసారి తేలిగ్గా రుద్దితే పోత ఉక్కులాగే ఉంటుంది. ఫిరంగి మొదట్లో గుడ్డ తొడుగు ఉంటుంది, దానికి టిష్యూ కాగితం ఒక పొర, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో తడిపి మడతలు పెట్టి అతికించండి. ఏరియల్‌కి స్ప్రూ ముక్కని కొవ్వొత్తి పైన వేడిచేసి మెల్లగా లాగితే వెంట్రుకంత తీగ వస్తుంది. పట్టుకునే కడ్డీలకి పాత వైరు లోపలి రాగి తీగ.

తేమ, స్ప్రే, ప్రైమర్

ఇది మన ఊరి వాళ్ల కోసం ప్రత్యేకంగా చెప్పాలి. మొదటిసారి ఆగస్టులో, వాన వెలిసిన సాయంత్రం, బాల్కనీలో మెరుపు లేని మ్యాట్ వార్నిష్ స్ప్రే చేశాను. పది నిమిషాల్లో ట్యాంకు మొత్తం బూజు పట్టినట్టు తెల్లబడింది. స్ప్రేలో ద్రావకం వేగంగా ఆవిరవుతూ పైపొరని చల్లబరుస్తుంది, చల్లబడ్డ పొర మీద గాల్లో తేమ చేరి లోపల చిక్కుకుంటుంది, తెల్లగా కనిపించేది అదే. తర్వాత ఎండ కాసిన రోజు మధ్యాహ్నం మెరిసే గ్లాసీ వార్నిష్ పల్చగా కొడితే చాలావరకు పోయింది, పూర్తిగా పోలేదు.

అప్పటి నుంచి నాకు ఒకటే లెక్క. డబ్బాలో అప్పడం మెత్తబడే రోజు స్ప్రే జోలికి పోను. నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా పదకొండు, మూడు గంటల మధ్య మంచి సమయం. వానాకాలంలో చెయ్యక తప్పదంటే గది తలుపులు మూసి ఏసీ డ్రైలో ఒక గంట నడిపి, ఏసీ ఆపి, కిటికీ తెరిచి, మాస్క్ పెట్టుకుని రెండు నిమిషాల్లో పల్చటి పూత వేసి, మళ్లీ మూసెయ్యాలి. సముద్రానికి దగ్గర్లో, లాసన్స్ బే వైపో పెదవాల్తేరు వైపో ఉండేవాళ్లు స్ప్రే ముందు ట్యాంకుని తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి, ఒక వారం బయట ఉంటే ఉప్పు పొర పేరుకుంటుంది.

రంగుకి ముందు వేసే అడుగు పూత ప్రైమర్, దానికి బొమ్మల కంపెనీల డబ్బాలు ఖరీదు. ఆటోనగర్ వైపు కార్ల రంగులమ్మే కొట్లలో దొరికే బూడిదరంగు ప్రైమర్ వాడొచ్చు, కానీ ముందు స్ప్రూ మీద కొట్టి చూడండి. కొన్ని ప్లాస్టిక్‌ని కరిగిస్తాయి. డబ్బాని అడుగు దూరంలో ఉంచి, ఆగకుండా ఒక కొస నుంచి ఇంకో కొసకి.

ఆకుపచ్చ

1971 నాటి ఫోటోలు చాలావరకు నలుపు తెలుపు, మ్యూజియంలలో నిలబెట్టిన ట్యాంకులకి తర్వాత ఎన్నోసార్లు రంగులేశారు, అందుకని ఇదే అసలు రంగు అని ఎవరైనా గట్టిగా చెబితే నేను వెంటనే నమ్మను. నేను వాడినది ఆలివ్ డ్రాబ్, అందులో కాస్త ముదురు ఆకుపచ్చ. సీసాలో రంగు ఉన్నదున్నట్టు వేస్తే చిన్న బొమ్మ మీద నల్లగా కనబడుతుంది, కాబట్టి తేలిక చెయ్యాలి. తెలుపు కలపకండి, ఆకుపచ్చ సున్నంలా పాలిపోతుంది. లేత ఇసుక రంగు కానీ పసుపు ఓకర్ కానీ పదో వంతు కలపండి. పైకి చూసే భాగాలకి, అంటే టరెట్ కప్పు, ముందు పలక, ఇంకొంచెం కలిపి పల్చగా రెండో పూత.

ఎయిర్‌బ్రష్ ఉంటే హాయి. నాకు లేదు, బ్రష్‌తోనే చేశాను. మే నెల ఫ్యాన్ గాలికి యాక్రిలిక్ బ్రష్ మీదే ఎండిపోతుంది, చారలు పడతాయి. పాత టిఫిన్ డబ్బాలో తడి టిష్యూ పరిచి దాని మీద బటర్ పేపర్ వేసి రంగు అక్కడ కలుపుకుంటే మధ్యాహ్నం దాకా తడిగానే ఉంటుంది. పాలంత పల్చగా కలిపి నాలుగు పూతలు వెయ్యండి, ప్రతి పూతా ముందుదానికి అడ్డంగా.

పసుపెక్కిన డెకాల్ కాగితాన్ని పారెయ్యకండి. పారదర్శక కవర్లో పెట్టి ఎండ పడే కిటికీ అద్దానికి టేపుతో అతికించి వారం, పది రోజులు ఉంచండి. మా కిటికీలో ఎనిమిది రోజులకి తెల్లబడింది. తర్వాత పనికిరాని ఒక డెకాల్ కత్తిరించి నీళ్లలో వేసి చూడండి. ముక్కలైపోతే మిగతా కాగితం మొత్తం మీద క్లియర్ వార్నిష్ ఒక పూత కొట్టి, ఆరాక ఒక్కోటి అంచుకి దగ్గరగా కత్తిరించుకోవాలి. డెకాల్ పడేచోట ముందు గ్లాసీ వార్నిష్ ఉండాలి, గరుకు మీద వేస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది.

మొహం

ఇప్పుడు అసలు పని. ఇంగ్లీషు పాఠాల్లో ఒంటి రంగు అంటే గులాబీ, బుగ్గలకి ఎరుపు. మన మనిషికి అలా వేస్తే వెలిసిపోయిన బొమ్మలా ఉంటాడు. స్టేషనరీ కొట్లో దొరికే కామెల్ ఆయిల్ ట్యూబులు అయిదు చాలు: బర్న్ట్ సియెన్నా, బర్న్ట్ అంబర్, పసుపు ఓకర్, టైటానియం తెలుపు, అల్ట్రామరీన్ నీలం. వీటిని అట్టముక్క మీద పిండి రెండు గంటలు వదిలెయ్యండి, అట్ట నూనె పీల్చేస్తుంది, రంగు మెరుపు లేకుండా త్వరగా ఆరుతుంది.

ముందు యాక్రిలిక్‌తో మధ్యస్థంగా ఉండే గోధుమరంగు ఒక పూత వేసి ఒక రోజు ఆరనివ్వండి. దాని మీద ఆయిల్. మూల రంగుకి సియెన్నా రెండు పాళ్లు, ఓకర్ ఒక పాలు, చిటికెడు తెలుపు. నీడకి అంబర్‌లో కొంచెం సియెన్నా, మరీ లోతుగా కావాల్సిన చోట, బెరే అంచు కింద, మెడ వెనక, చెవి కింద, ఆవగింజంత నీలం. నల్లరంగు వద్దు, నలుపు కలిపితే చర్మం బూడిద పూసినట్టవుతుంది. వెలుగుకి మూల రంగులో ఓకర్ పెంచండి, తెలుపు చివర్లో మాత్రమే, అది కూడా ముక్కు కొన మీద, చెంప ఎముక మీద, కింది పెదవి మీద ఒక్క చుక్క. మన చర్మం వెలుగులో గులాబీ వైపు పోదు, రాగి రంగు వైపు పోతుంది. నమ్మకం కుదరకపోతే పొద్దున్నే ఫిషింగ్ హార్బర్‌కి వెళ్లి ఎండ పక్కనుంచి పడుతున్నప్పుడు వలలు లాగేవాళ్ల మొహాలు చూడండి. చెంప ఎముక మీద మెరుపు, కంటి గుంటలో వంకాయ రంగుకి దగ్గరగా ఉండే నీడ, మెడకీ నుదుటికీ రంగు తేడా. నేను మూడు రోజులు వెళ్లి అక్కడ టీ తాగుతూ అవే చూశాను, ఆ మూడు పొద్దుల్లో నేర్చుకున్నంత ఇంకెక్కడా నేర్చుకోలేదు.

తల మొత్తం 6, 7 మిల్లీమీటర్లు. కన్ను ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకని కంట్లో తెల్లగుడ్డు వెయ్యకండి, వేస్తే భయపడ్డ మొహం వస్తుంది. పైరెప్ప కింద అంబర్‌తో సన్నటి గీత, దాని కింద కనిపించీ కనిపించని లేత గోధుమ గీత. ఎండలో దూరంగా చూసే మనిషి కళ్లు చిట్లిస్తాడు కాబట్టి ఆ గీత చాలు. గడ్డం గీసుకున్న మొహానికి దవడ మీద మూల రంగులో నీలం, అంబర్ చెరొక పిసరు కలిపి పొడి బ్రష్‌తో అద్దండి. డిసెంబర్ పోరులో గడ్డం గీసుకోవడానికి తీరిక ఎక్కడిది, కాబట్టి అది కొంచెం ఎక్కువైనా పర్వాలేదు. మీసం నల్లగా వెయ్యకుండా ముదురు గోధుమతో వేసి పైన బూడిద గీత ఒకటి. రంగుల హద్దులు పొడి బ్రష్‌తో తట్టి కలపండి, తోమకండి. మన గాలిలో తెలుపు కలిసిన ఆయిల్ ఆరడానికి వారం పడుతుంది, మూత ఉన్న పెద్ద డబ్బాలో చిన్న బల్బు వెలిగించి అందులో పెడితే మూడు రోజులు.

మన ఆర్మర్డ్ కోర్ వాళ్లకి నల్ల బెరే, నల్ల ఓవరాల్. నల్లటి బట్టకి సీసాలోని నలుపు వేస్తే మడతలన్నీ మాయమవుతాయి. ముదురు బూడిదరంగుతో మొదలుపెట్టి, మడతల లోతుల్లో మాత్రమే నలుపు, భుజాల మీద, మోచేతి మీద దుమ్ము కలిసిన లేత బూడిద. బెరే ఊలు గుడ్డ కాబట్టి అందులో కొంచెం నీలం కలిపితే ఓవరాల్ నుంచి విడిగా కనబడుతుంది. చేతులకి మొహం రంగే, గోళ్లు వద్దు, వేళ్ల మధ్య అంబర్ గీతలు చాలు.

వాష్, ట్రాకు, దుమ్ము

ట్యాంకు మీద గ్లాసీ పూత ఆరాక, బర్న్ట్ అంబర్ ఆయిల్‌ని మినరల్ టర్పెంటైన్‌లో టీ డికాషన్ అంత పల్చగా కలిపి (దీన్నే వాష్ అంటారు), బోల్టుల చుట్టూ, మూతల అంచుల్లో సన్న బ్రష్ కొన ఆనించండి, దానంతటదే గీత వెంట పరుగెడుతుంది. అరగంట తర్వాత ఎక్కువైనది తుడవండి. హార్డ్‌వేర్ కొట్టువాడు తిన్నర్ ఇస్తే తీసుకోకండి, అది రంగుని, ప్లాస్టిక్‌ని కూడా తినేస్తుంది. టర్పెంటైన్ అయినా రంగు లేని ప్లాస్టిక్ మీద, ముఖ్యంగా చక్రాల ఇరుసుల దగ్గర, నిలవ ఉండనిస్తే ముప్ఫై ఏళ్ల ప్లాస్టిక్ పెళుసై విరిగిపోతుంది. నాకు రెండు చక్రాలు అలా ఊడాయి.

బిరుసెక్కిన ట్రాకుని వేడినీళ్లలో అయిదు నిమిషాలు ఉంచితే వంగుతుంది. సబ్బుతో కడిగి, రంగు వేసి, చక్రాలకి కూడా రంగు పూర్తయ్యాకే తొడగండి. ఈ పాత వినైల్ ట్రాకు ఏళ్ల తరబడి ఉత్త ప్లాస్టిక్‌ని తాకి ఉంటే ఆ ప్లాస్టిక్ కరిగి అంటుకుంటుంది, మధ్యలో రంగు పొర అడ్డం ఉండాలి. అతుకు పైవైపు, పక్క రేకుల వెనక పడేలా చూసుకుని దారంతో కుట్టెయ్యండి, ఎవరికీ కనబడదు.

ట్రాకు రంగు కోసం పుస్తకాలు తిరగెయ్యడం కంటే మధురవాడ వైపు ఎక్కడో ఒకచోట తవ్వుతున్న ప్రొక్లెయిన్ దగ్గర ఆగి దాని చైన్లు చూడండి. నేలని తాకే అంచు వెండిలా మెరుస్తుంది, లోపల ముదురు గోధుమ, సందుల్లో ఎండిన మట్టి. ఆరెంజ్ తుప్పు దాదాపు ఉండదు. తుప్పంటే మనకి హార్బర్‌లో పడవల లంగర్ల కింద కారే ఎర్రటి చారలు గుర్తొస్తాయి, పోరులో ఉన్న ట్యాంకు మీద అవి పడవు. సైలెన్సర్ల మీద మాత్రం తుప్పు వెయ్యండి, వేడికి అక్కడ రంగు కాలిపోతుంది.

దుమ్ముకి పొడి పాస్టెల్ చాక్ గరుకు కాగితం మీద రుద్ది పొడి చేసుకోండి. బసంతర్ వైపు మట్టి లేత బూడిద గోధుమ. మన భీమిలి ఎర్రమట్టి రంగు అక్కడ పొసగదు, పైగా ఎర్రమట్టి దిబ్బలు రక్షించుకోవాల్సిన చోటు, అక్కడ గుప్పెడు కూడా తియ్యకండి. బీచ్ ఇసుక కూడా వద్దు, ఒక మిల్లీమీటరు రేణువు 1/35లో మూడున్నర సెంటీమీటర్ల రాయి అవుతుంది, అందులో ఉప్పు తేమ లాగి కింద రంగు ఉబ్బుతుంది. పొడి చక్రాల దగ్గర ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ. చివరగా అదే పొడి, అదే బ్రష్‌తో, కమాండర్ భుజాల మీద, బెరే మీద, చెయ్యి ఆనిన చోట కొంచెం అద్దండి. ఒకే దుమ్ము ఇద్దరి మీదా పడితేనే అతను ఆ ట్యాంకు మనిషి అవుతాడు.

బొమ్మని టరెట్‌లో అతికించకండి. పీట మీద బెజ్జం వేసి కాలి తీగ అందులో దింపితే చాలు, ఎప్పుడైనా బయటికి తీసి దుమ్ము దులపొచ్చు. మూత ఉన్న అక్రిలిక్ పెట్టెలో, సముద్రం వైపు కిటికీకి దూరంగా, సిలికా జెల్ పొట్లాలు రెండు పెట్టి ఉంచండి, వానాకాలంలో నెలకోసారి పొట్లాలు మార్చాలి. మావయ్యకి ఇప్పుడు డెబ్బై ఆరు. పెట్టె తీసి చూపిస్తే కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "ఒరేయ్, ఆ పక్క మూత తెరిచి పెట్టావు, లోడర్ ఏడిరా?" అన్నాడు. ఎడమ మూత తెరిచి ఉంచింది నేనే. ఇప్పుడు లోడర్‌ని మొదలుపెట్టాను, తల ఇంకా అతికించలేదు.